జనం మధ్య నుంచి వచ్చాక సేదతీరడం: ఒక ప్రాజెక్టు డైరీ

ఉద్దేశం, పరిధి

నలుగురిలో ఎక్కువసేపు గడిపి వచ్చిన అంతర్ముఖులకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: కాసేపు ఒంటరిగా ఉంటే అదే సర్దుకుంటుంది. సలహా సరైనదే కానీ సగమే. ఒక్కోసారి తలుపు వేసుకొని సాయంత్రమంతా కూర్చున్నా తల దిమ్ము వదలదు, ఇంకోసారి పావుగంట దొరికితే చాలు మనిషి మామూలవుతాడు. ఒంటరిగా గడిపిన సమయం ఒక్కటే లెక్క అయితే ఈ తేడా రాకూడదు. ఆ సమయంలో ఏం జరిగితే అలసట తీరుతున్నదో, ఏం జరిగితే తీరకుండా మిగిలిపోతున్నదో కనిపెట్టి, పనిరోజు సాయంత్రం కూడా ఆచరించగలిగేంత చిన్న పద్ధతి ఒకటి తయారు చేసుకోవాలని ఈ పని మొదలుపెట్టాను.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో అంతర్ముఖ, బహిర్ముఖ స్వభావాలను విడదీసి వివరించినప్పుడు, మనిషి ఆసక్తి తన లోపలి ప్రపంచం వైపు మొగ్గుతుందా, బయటి ప్రపంచం వైపు మొగ్గుతుందా అన్నదాన్ని ఆధారంగా తీసుకున్నారు. 1967లో హాన్స్ ఐసెంక్ దీనికి శరీరంలో కారణం వెతికి, అంతర్ముఖుల మెదడు సహజంగానే ఎక్కువ జాగరూక స్థితిలో ఉంటుందని, అందుకే బయటి సందడి కొద్దిగా పెరిగినా వారికి మోతాదు మించుతుందని ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు ఆ వివరణను చాలా సవరించాయి. అయినా మోతాదు అన్న ఆలోచన నా పనికి అక్కరకు వచ్చింది కాబట్టి అట్టే పెట్టుకున్నాను.

ఒక విషయం ముందే పక్కన పెట్టాలి. నలుగురిలోకి వెళ్లాలంటేనే గుండె దడ పుట్టి, ఏదో ఒక వంకతో తప్పించుకుంటూ ఉండటం వేరే సమస్య. దానికి ఏకాంతం మందు కాదు సరికదా, తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది. దానికి మంచి చికిత్సలు ఉన్నాయి, చూడవలసినవారు మానసిక వైద్యులు. ఈ డైరీ జనాన్ని ఇష్టపడుతూనే వారి మధ్య అలసిపోయే వారికి సంబంధించినది.

పట్టిక

మొదటి పని ఒక పట్టిక గీసుకోవడం. ఎంతమంది ఉన్నారు, వారిలో కొత్తవారు ఎందరు, చప్పుడు ఎంత, అక్కడ నా పాత్ర ఏమిటి, కావాలనుకున్నప్పుడు లేచి రాగలిగే వీలు ఉందా అన్నవి ఎడమవైపు గళ్లు. కుడివైపు అలసటకు ఒక అంకె, అలజడికి ఒక అంకె, రెండూ సున్నా నుంచి పది వరకు.

అలసటనూ అలజడినీ విడదీయడమే ఈ పట్టికలోని అసలు పనితనం. అలసట అంటే ఒళ్లు వాలిపోవాలనిపించడం. అలజడి అంటే ఒళ్లు వాలినా లోపల యంత్రం ఆగకపోవడం: చెవుల్లో గొంతులు మోగుతూ, ఎవరో అన్న మాటకు ఇప్పుడు జవాబు తడుతూ, నిద్ర దగ్గరికి వచ్చి వెనక్కి పోతూ ఉండే స్థితి. ఈ రెంటినీ కలిపి ఒకే అంకె వేస్తే, వేడుకలో ఆనందంగా గడిపి వచ్చిన రాత్రి నిద్ర ఎందుకు పట్టదో ఆ అంకె చెప్పలేదు. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగ పరంపరలో న్గుయెన్, రయన్, డెసీ అనే పరిశోధకులు మనుషులను 15 నిమిషాలపాటు ఒంటరిగా కూర్చోబెట్టి చూస్తే, కోపం, ఆందోళన వంటి తీవ్రమైన చెడు భావాలతో పాటు, ఉత్సాహం, ఉద్వేగం వంటి తీవ్రమైన మంచి భావాలు కూడా తగ్గాయి. ఏకాంతం ఉద్వేగపు తీవ్రతను దించుతుంది, అది మంచిదా చెడ్డదా అని చూడదు. అంటే ఏకాంతం ముందు పనిచేసేది అలజడి మీద. అలసటకు నిద్ర, విశ్రాంతి వేరుగా కావలసిందే.

అంకెలు వేయవలసిన వేళ గురించి కూడా ఆలోచించాను. ఇంటికి రాగానే ఒకసారి, ఆ తర్వాత సుమారు మూడు గంటలకు మరోసారి వేయాలని పెట్టుకున్నాను. దీనికి ఆధారం ఫిన్లండ్‌లో లెయికాస్, ఇల్మారినెన్ చేసి 2017లో ప్రచురించిన అధ్యయనం. కలుపుగోలుగా, చురుగ్గా ప్రవర్తించిన వేళ మనసు హుషారుగానే ఉన్నా, ఆ బడలిక మూడు గంటల తర్వాత బయటపడటం వారు గమనించారు. అది అంతర్ముఖులకే పరిమితం కాలేదు, బహిర్ముఖులూ అలాగే అలసిపోయారు. ఈ మాట చదివినప్పటి నుంచి నాకు కలుపుగోలు మనుషుల మీద కొంచెం సానుభూతి పెరిగింది. వాళ్లకు అలసిపోయే హక్కు ఉందని ఎవరూ ఒప్పుకోరు.

పట్టిక నిండుతున్నప్పుడు

కొన్ని వరుసలు నిండేసరికే ఒక సంగతి స్పష్టమైంది: తలల లెక్కకూ అలసటకూ ఆశించినంత సంబంధం లేదు. వందమంది కూర్చున్న సభలో చివరి వరుసలో శ్రోతగా ఉన్న సాయంత్రం అలజడి అంకె తక్కువగా ఉంది. ఆరుగురే ఉన్న గదిలో, సగం తెలిసి సగం తెలియని మనుషులతో లోకాభిరామాయణం నడపవలసి వచ్చినప్పుడు అది బాగా పైకి పోయింది. నచ్చిన ఒక్క మనిషితో గంటలకొద్దీ సాగిన మాటామంతీకి అలసట వచ్చింది కానీ అలజడి రాలేదు.

దీన్నిబట్టి ఖర్చు ఎక్కడ పడుతున్నదో కొంత ఊహించవచ్చు. సగం తెలిసినవారితో మాట్లాడేటప్పుడు వినడం ఒక పని, తర్వాతి మాట వెతకడం రెండో పని, ముఖం మీద నవ్వును నిలిపి ఉంచడం మూడో పని, సంభాషణను మర్యాదగా ఎప్పుడు ముగించాలో కనిపెడుతూ ఉండటం నాలుగో పని. మొహమాటం ఉన్నవారికి ఈ నాలుగోదే అన్నిటికన్నా బరువు. చప్పుడు దీనికి తోడవుతుంది. ఒకేసారి వినిపించే రెండు గొంతుల్లో ఒకదాన్నే పట్టుకొని వినడం ఎలా సాధ్యమవుతుందో కాలిన్ చెర్రీ 1953లోనే ప్రయోగాలతో పరీక్షించారు. మెదడు ఆ పని చేయగలదు కానీ ఊరికే చేయదు. హోరెత్తే హాలులో ఎదుటివారి పెదవుల వైపు చూస్తూ విన్న ప్రతి అరగంటకూ ఇంటికి వచ్చాక వసూలు ఉంటుంది.

వీడియో సమావేశాలకు పట్టికలో వేరే గడి చేర్చవలసి వచ్చింది. ఇంట్లోనే, ఒంటరి గదిలోనే ఉండి కూడా సాయంత్రానికి అలజడి అంకె పెరగడం మొదట్లో లెక్కకు అందలేదు. 2021లో పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ చూపిన కారణాలు దీనికి చక్కగా సరిపోతాయి: అందరి ముఖాలూ దగ్గరగా మన కళ్లలోకే చూస్తున్నట్టు ఉండటం, మన ముఖం మనకే ఎదురుగా కనిపిస్తూ ఉండటం, కదలకుండా ఒకే చోట కూర్చోవలసి రావడం, చిన్న సైగను కూడా పనిగట్టుకొని చేయవలసి రావడం. నా ముఖం నాకు కనబడకుండా దాచి, తెరమీద సమావేశం కనిపించే కిటికీని చిన్నది చేసి, నేను మాట్లాడనక్కరలేని సమావేశాల్లో కెమెరా ఆపేసి నిలబడి వినడం ఆరంభించాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇచ్చిన మార్పు ఇంకొకటి లేదు.

ఇల్లు చేరాక మొదటి పావుగంట

ఇక అసలు నిర్మాణం. ఏకాంతం మొదటి 15 నిమిషాల్లోనే పనిచేయగలిగితే, ఆ 15 నిమిషాల్లో దానికి అడ్డం వచ్చేది ఏమిటని చూశాను. జవాబు చేతిలోనే ఉంది. గుంపులోంచి బయటపడిన మనిషి కుర్చీలో కూలబడి ఫోన్ తీస్తాడు. అందులో ఆ వేడుక ఫొటోలు అప్పుడే వచ్చి ఉంటాయి, వాటి కింద వ్యాఖ్యలు ఉంటాయి, చూసినందుకు తానూ ఒకటి రాయవలసి ఉంటుంది. తలుపు వేసుకున్నాడన్న మాటే కానీ గుంపు గదిలోకి వచ్చేసింది. మూడు గంటల ఒంటరితనం పనిచేయని సాయంత్రాలను పట్టికలో వెనక్కి తిరిగి చూస్తే, ఎక్కువ వాటిలో ఆ మూడు గంటలూ తెరముందు గడిచినవే.

ప్రస్తుతం అమలులో ఉన్న ఏర్పాటు ఇది. ఇంటికి వచ్చే దారిలోనే, చేరానని తెలియజేయవలసిన వారికి ఒక్క వాక్యం పంపించి, ఫోన్‌ను గుమ్మం పక్కన ఉన్న సొరుగులో పెట్టి మూసేస్తాను. చెప్పులు, సంచి, ఫోన్ ఒకే చోట దిగుతాయి. సొరుగు వేరే గదిలో ఉండటం ముఖ్యం. బల్లమీద బోర్లా పెట్టిన ఫోన్ వైపు చెయ్యి దానంతటదే పోతుంది. తర్వాత దుస్తులు మార్చుకొని, ముఖం కడుక్కొని, పెద్ద లైటు ఆపి చిన్నది వేస్తాను. కుర్చీని తలుపుకు వీపు ఉండేలా కాకుండా గోడకు వీపు ఉండేలా తిప్పి పెట్టాను. వెనక ఎవరైనా వస్తారేమోనన్న ఎదురుచూపు కూడా ఒక పనే, అది ఆగితే మెడ కండరాలు వదులవడం తెలుస్తుంది.

ఊపిరి సంగతి క్లుప్తంగా. ముక్కుతో ఒకసారి నిండుగా పీల్చి, దానిమీద మరో చిన్న గుక్క పీల్చి, నోటితో నిదానంగా, చాలాసేపు వదలడం అనే పద్ధతిని రోజుకు 5 నిమిషాల చొప్పున నెలరోజులు చేయించి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. అది చేసినవారి మానసిక స్థితి మెరుగుపడింది. నేను మొదటి పావుగంటలో దీన్ని కలిపాను. పనిచేస్తున్నది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

ఊరికే కూర్చోవడం గురించి

ఏమీ చేయకుండా కూర్చోవడమే విశ్రాంతి అనుకోవడం సహజం. అయితే 2014లో టిమొతీ విల్సన్ బృందం జరిపిన ప్రయోగాల్లో, 6 నుంచి 15 నిమిషాలు తమ ఆలోచనలతో మాత్రమే కూర్చోమంటే చాలామందికి అది నచ్చలేదు. ఒక ప్రయోగంలో కొందరు ఊరికే కూర్చోలేక, తమకు తాము చిన్నపాటి కరెంటు షాక్ ఇచ్చుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. అలజడి అంకె ఎక్కువగా ఉన్న రాత్రి ఖాళీగా కూర్చుంటే ఆ ఖాళీలోకి వచ్చి చేరేది ప్రశాంతత కాదు, అప్పటిదాకా జరిగిన సంభాషణల పునఃప్రసారం.

అందుకని చేతులకు పని, మాటకు సెలవు ఉండే పనులను వరుసగా పరీక్షించాను. ఉతికిన బట్టలు మడతపెట్టడం బాగా కుదిరింది. మొక్కలకు నీళ్లు పోయడం ఇంకా బాగా కుదిరింది. పుస్తకం చదవడం రోజును బట్టి ఉంది: పాత్రలు ఎక్కువ, వాదోపవాదాలు ఎక్కువ ఉన్న నవల అయితే అదీ ఒక సమావేశమే. మనస్తత్వవేత్తలైన స్టీఫెన్, రేచెల్ కాప్లాన్ దంపతులు చెప్పిన సిద్ధాంతం ప్రకారం, పట్టుబట్టి నిలిపే శ్రద్ధ వాడకం వల్ల అరిగిపోతుంది. ఆకుల కదలిక, మబ్బులు, నీటి ప్రవాహం వంటివి మన ప్రయత్నం లేకుండానే చూపును ఆకట్టుకొని ఆ శ్రద్ధకు విరామం ఇస్తాయి. మొక్కలకు నీళ్లు పోయడం ఎందుకు కుదిరిందో దీనివల్ల అర్థమైంది. మట్టి నీటిని పీల్చుకునే చప్పుడు వినడానికి ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు.

పునఃప్రసారాన్ని ఆపడం

ఇది ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకున్న భాగం. నేనన్న మాటకు ఆవిడ ముఖం చిన్నబోయిందా, ఆయన అడిగినదానికి సరిగా చెప్పానా, వస్తూ వస్తూ పెద్దాయనకు చెప్పి వచ్చానా లేదా అన్న చిక్కుముడులు పడుకున్నాక మొదలవుతాయి. వాటిని వద్దనుకుంటే పోవు. కాగితం మీద పెడితే పోతాయేమోనని మొదట సంభాషణలన్నీ రాసి చూశాను. రాసిన కొద్దీ అవి ఇంకా వివరంగా గుర్తుకు వచ్చాయి.

పనికి వచ్చింది వేరే రకం రాత. 2018లో మైకేల్ స్కల్లిన్ బృందం నిద్రకు ముందు 5 నిమిషాలు కొందరి చేత చేయవలసిన పనుల జాబితా, మరికొందరి చేత అప్పటికే పూర్తయిన పనుల జాబితా రాయించింది. చేయవలసినవి రాసినవారికి దాదాపు 9 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది, జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా పట్టింది. దాన్ని గుంపు నుంచి వచ్చిన సాయంత్రానికి అనువుగా మలచుకున్నాను. ఎవరితో ఏమి అన్నానో రాయను. ఆ సాయంత్రం ఎవరెవరికి ఏమేమి బాకీ పడ్డానో మాత్రమే రాస్తాను: ఒకరికి డాక్టరు నంబరు పంపాలి, ఇంకొకరి అబ్బాయి దరఖాస్తు చూస్తానన్నాను, ఫలానావారికి సరిగా వీడ్కోలు చెప్పలేదు కాబట్టి రేపు పదకొండు గంటలకు ఒకసారి పలకరించాలి. చివరిదాన్ని చూడండి. రాత్రంతా తొలిచే సందేహం అక్కడ రేపటి పనిగా మారిపోయింది. పనిగా మార్చడానికి వీలులేని సందేహం ఏదైనా మిగిలితే, దాని గురించి ఎదుటివారు ఆలోచించడం లేదని ధైర్యంగా అనుకోవచ్చు. వాళ్లూ ఇంటికి పోయి తమ మాటలనే తిరగేసుకుంటూ ఉంటారు.

ఇంట్లోవారితో ఒప్పందం

పద్ధతి కాగితం మీద బాగానే ఉన్నా ఇంట్లో మనుషులు ఉంటారు. ముభావంగా వచ్చి గదిలోకి పోయినవారిని చూసి ఏదో జరిగిందనుకోవడం వారి తప్పు కాదు. మా అక్క రెండుసార్లు తలుపు తట్టింది.

“ఏమైంది? అక్కడ ఎవరైనా ఏమన్నా అన్నారా?”

“ఏమీ లేదక్కా, బాగానే జరిగింది. మాట్లాడి మాట్లాడి అలిసిపోయాను.”

“బాగా జరిగితే ఆ ముఖం అలా ఎందుకుంది మరి?”

దీనికి ఆ క్షణంలో ఇచ్చే వివరణ ఏదీ సరిపోదని గ్రహించి, మామూలు రోజున, అలసట లేని వేళ కూర్చొని మాట్లాడాం. కుదిరిన షరతు ఒక్కటే: లోపలికి పోయేటప్పుడు ఎప్పుడు బయటికి వస్తానో చెప్పి పోవాలి. “అరగంట ఆగి వచ్చి అన్నీ చెబుతాను అక్కా” అన్న మాటలో కోపం లేదన్న హామీ ఉంది, గడువు కూడా ఉంది. చెప్పిన గడువుకు బయటికి రావడం నా వంతు. ఈ షరతు కుదిరిన తర్వాత ఏకాంతం నాణ్యతే మారింది. తలుపు ఎప్పుడు తడతారో తెలియని అరగంటకూ, ఎవరూ తట్టరని తెలిసిన అరగంటకూ పట్టికలో తేడా స్పష్టంగా కనిపిస్తున్నది. పని తర్వాత తేరుకోవడాన్ని అధ్యయనం చేసిన సబీనె సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో నాలుగు అంశాలను గుర్తించారు: మనసు ఆ విషయం నుంచి వేరుపడటం, సడలింపు, ఏదైనా కొత్తది నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం. ఆ నాలుగోదాన్ని తెచ్చిపెట్టింది ఈ ఒప్పందమే.

వేరే గది లేని ఇళ్లలో కూడా ఇది కుదిరే పనే. స్నానానికి పట్టే సమయం, ఒక వీధి ఎక్కువ చుట్టి నడిచి రావడం, మేడమీద కాసేపు నిలబడటం, చెవుల్లో దూది పెట్టుకొని గోడవైపు తిరిగి బట్టలు మడవడం కూడా లెక్కలోకి వస్తాయి. కావలసింది గది కన్నా ముందు, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని నిర్ణీత సమయం.

వెళ్లకముందు, వెళ్లినచోట

ఇంటికి వచ్చాక చేసే ఏర్పాట్లు ఒక హద్దు దాటి మెరుగుపడటం లేదని పట్టిక చెప్పడంతో, సేదతీరడాన్ని కార్యక్రమం మధ్యలోకే జరిపి చూశాను. మనస్తత్వవేత్త బ్రయన్ లిటిల్ ఎంతో హుషారుగా ఉపన్యాసాలు ఇచ్చే అంతర్ముఖుడు. ఉపన్యాసాల నడుమ జనానికి దొరకకుండా మరుగుదొడ్డిలో కాసేపు దాక్కునేవాడినని ఆయనే చెప్పుకున్నారు. స్వభావానికి విరుద్ధంగా నడుచుకోవలసిన పని మనకు ముఖ్యమైనదైతే అలా నడుచుకోవచ్చునని, అయితే మధ్యమధ్య స్వభావం ఊపిరి పీల్చుకునే చోటు ఒకటి ఉండాలని ఆయన వాదన.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాగిన ఒక శిక్షణ శిబిరంలో దీన్ని పరీక్షించాను. చేరగానే ఎవరూ వాడని మెట్లదారి ఎక్కడుందో చూసి పెట్టుకొని, ప్రతి విరామంలోనూ మొదటి సగం అక్కడ, రెండో సగం జనంలో గడిపాను. కుర్చీలు సర్దే పని, పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర పని అడిగి మరీ తీసుకున్నాను. చేతిలో పని ఉన్న మనిషి దగ్గరికి వచ్చేవారు ఆ పని మీదే వస్తారు, పని కాగానే వెళతారు. పిచ్చాపాటీ ఎలా ముగించాలన్న ఆ నాలుగో బరువు అక్కడ ఉండదు. వేడుకల్లో ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూ, సర్దుతూ తిరిగే కొందరిని చూసి ఎంత పనిమంతులో అనుకుంటాం. వారిలో సగంమంది మా వాళ్లేనని నా అనుమానం. ఆ రోజు ఇల్లు చేరేసరికి అలసట ఎప్పటిలాగే ఉంది, అలజడి మాత్రం ఆ స్థాయి కార్యక్రమాలకు అంతవరకు నమోదైన అంకెల్లో అన్నిటికన్నా తక్కువ. మూడు గంటల తర్వాత వేసిన అంకె కూడా దిగే ఉంది.

ఇప్పటి స్థితి

పనిచేస్తున్నవి ఇవీ: రెండు అంకెలు, సొరుగు, బాకీల జాబితా, అక్కతో గడువు, మెట్లదారి. పట్టికలో కొత్తగా కనబడుతున్నది ఇంకొకటి ఉంది. ఏకాంతం మొదటి గంటలో అలజడిని బాగా దించుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, సెలవురోజుల్లో ఒకటిన్నర రోజు దాటి సాగదీస్తే అంకెలేవీ తగ్గకపోగా ఏదో నిరుత్సాహం వచ్చి చేరుతుంది. అంతర్ముఖులైనా సరే, చురుగ్గా నలుగురిలో మెలిగిన వేళల్లో ఎక్కువ సంతోషంగా ఉంటారని 2002లో విలియం ఫ్లీసన్ బృందం చూపిన ఫలితానికి ఇది దగ్గరగా ఉంది. అందుకని ఏకాంతానికి చివరి హద్దు కూడా పెట్టి, దాని తర్వాత నచ్చిన ఒక్క మనిషితో నడకను చేర్చాను.

తేలవలసినది వరుసగా రెండు రోజులు కార్యక్రమాలు ఉన్నప్పటి సంగతి. మొదటి రోజు రాత్రి నిద్ర సరిగా పడితే రెండో రోజు మామూలుగానే మొదలవుతున్నది, పట్టకపోతే పొద్దున్నే అలజడి అంకె నాలుగు దగ్గర నిలబడి ఉంటున్నది. పట్టికకు నిద్రవేళ గడి చేర్చాను. వచ్చే నెలలో రెండు రోజుల సమావేశం ఒకటి ఉంది, మొదటి సాయంత్రం విందుకు ముందుగానే లేచి రావడానికి నిర్వాహకుల దగ్గర ఇప్పుడే మాట తీసుకున్నాను.